సైకిలు మీద కెమెరా సామాను: నాకు సరిపడే బ్యాగు దొరికిన వైనం

ఉప్పలపాడు పక్షుల చెరువు గుంటూరుకు పది కిలోమీటర్ల లోపే. చలికాలంలో అక్కడి నీళ్లలో ఉన్న తుమ్మచెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు కొమ్మ కనపడకుండా కూర్చుంటాయి. పొద్దున ఎండ ఏటవాలుగా పడే గంటా గంటన్నరే ఫొటోలకు మంచి టైము. నేను బ్రాడీపేట నుంచి సైకిలు మీదే వెళ్తాను. ఇంట్లో స్కూటీ ఉంది. అయినా సైకిలైతే ఊరు దాటాక ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. చప్పుడుండదు కాబట్టి తీగ మీద కూర్చున్న పాలపిట్ట కూడా మనం దగ్గరికెళ్లేదాకా కదలదు.

ఇబ్బందల్లా సామాను మోయడంతోనే. మొదట్లో ఆఫీసుకు తీసుకెళ్లే ల్యాప్‌టాప్ బ్యాగులోనే అన్నీ పెట్టుకుని వెళ్లేదాన్ని. ఉప్పలపాడు చేరేసరికి మెడ పట్టేసేది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కేవి. కెమెరా చేతిలోకి తీసుకున్నాక ఆ తిమ్మిరి వదలడానికే కాసేపు పట్టేది. ఆ రెండు వేళ్లకూ వెళ్లే నరం అరచేతి అంచు నుంచి పోతుంది. ముందుకు వంగి సైకిలు తొక్కేటప్పుడు వీపు మీది బరువు భుజాల మీదుగా చేతుల్లోకి దిగి, హ్యాండిల్ దగ్గర సరిగ్గా ఆ నరాన్నే నొక్కుతుంది. అంటే చేతికి గ్లవ్స్ కొన్నా, హ్యాండిల్‌కి మెత్తటి గ్రిప్ వేయించినా వీపు మీద బరువు తగ్గనంతవరకు పూర్తి లాభం ఉండదు.

అందుకని షాపుకు వెళ్లేముందు ఒక పని చేశాను. ఊళ్లకు వెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే చిన్న కొక్కెం త్రాసు ఉంటుంది కదా, దాంతో సామానంతా ఒక్కొక్కటీ తూచి కాగితం మీద రాసుకున్నాను. కెమెరా బాడీ, 200-500 మి.మీ. జూమ్ లెన్సు కలిపి మూడు కిలోల పైన. నీళ్లు రెండు లీటర్లు, అంటే రెండు కిలోలు. స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే లీవర్లు, బోల్టులు తిప్పే అలెన్ కీలు, చిన్న పంపు కలిపి ముప్పావు కిలో. బైనాక్యులర్స్, టిఫిన్ బాక్సు, వానకోటు, తువ్వాలు ఇంకో కిలోన్నర పైచిలుకు. మొత్తం ఏడున్నర కిలోల దాకా తేలింది. కాగితం మీద చూశాకే నాకు అసలు విషయం అర్థమైంది. కెమెరా, లెన్సు పక్కన పెడితే మిగిలిన బరువే నాలుగు కిలోలకు పైగా ఉంది. అందులో నీళ్లకూ, పానాలకూ, పంపుకూ కుదుపులు తగిలితే అయ్యే నష్టమేమీ లేదు. వాటిని వీపు మీద మోయాల్సిన అవసరమే లేదు. బైనాక్యులర్స్ ఒక్కటే కెమెరాతో పాటు వీపు మీద ఉండాలి.

కాబట్టి రెండు బ్యాగులు కావాలి. కెమెరాకు వీపు మీద ఒకటి, మిగతావాటికి సైకిలు మీద ఒకటి.

కెమెరా కూడా క్యారియర్ మీదే పెట్టేస్తే పోలేదా అని మా తమ్ముడు అడిగాడు. నాకూ ఆ ఆశ ఉండేది. అందుకే కెమెరా జోలికి పోకుండా అరటిపండ్లతో చూశాను. ఒకే అత్తంలోవి రెండు తీసుకుని, ఒకటి వెనక క్యారియర్‌కు కట్టిన సంచిలో, ఒకటి వీపు బ్యాగులో, రెండింటినీ ఒకేలా తువ్వాల్లో చుట్టి పెట్టాను. చెరువు దగ్గరికి వెళ్లి చూస్తే క్యారియర్ మీది పండు ఒక పక్కంతా నల్లగా కమిలిపోయింది. వీపు మీది పండుకు ఏమీ కాలేదు. వెనక చక్రం గుంతలో పడినప్పుడు ఆ దెబ్బ నేరుగా క్యారియర్‌కే తగులుతుంది. వీపు మీదున్న దానికి మధ్యలో సీటు, మన నడుం, మోకాళ్లు అన్నీ అడ్డుపడి కుదుపును మింగేస్తాయి. మోటార్ సైకిలు హ్యాండిల్‌కి ఫోను బిగిస్తే ఇంజను అదురుకు అందులోని కెమెరా దెబ్బతినే ప్రమాదం ఉందని ఆపిల్ కంపెనీ 2021లోనే హెచ్చరించింది. సైకిలుకు ఇంజను లేకపోయినా, లోపల అద్దాలు కదిలి ఫోకస్ చేసుకునే లెన్సును గతుకుల రోడ్డు మీద క్యారియర్‌కు అప్పగించడానికి నాకు మనసొప్పలేదు.

ఇక వీపు బ్యాగు. దీనికే ఎక్కువ తిరిగాను.

ముందు వీపు పొడవు కొలిపించుకున్నాను. తల కిందికి వంచితే మెడ అడుగున ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కడి నుంచి, నడుం మీద రెండు చేతులూ వేసినప్పుడు బొటనవేళ్లు వెన్ను మీద ఎక్కడికి వస్తాయో అక్కడిదాకా కొలవాలి. మా తమ్ముడు టేపు పెట్టి కొలిస్తే 41 సెంటీమీటర్లు వచ్చింది. ఇదంతా ఎందుకంటే, సైకిలు మీద వంగి ముందున్న రోడ్డు చూడాలంటే తల పైకెత్తాలి. బ్యాగు పొడవు ఎక్కువైతే హెల్మెట్ వెనక అంచు బ్యాగు పైభాగానికి కొట్టుకుంటుంది. అప్పుడు తల ఎత్తలేక కళ్లు మాత్రమే పైకి తిప్పి చూస్తుంటాం. మెడ నొప్పికి అది చాలు. షాపులో అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే ఇది తెలిసే అవకాశమే లేదు.

అందుకే షాపులకు సైకిలు మీదే వెళ్లాను, హెల్మెట్ పెట్టుకుని. కెమెరాకు బదులు మూడు కిలో కందిపప్పు ప్యాకెట్లను తువ్వాల్లో బిగించి చుట్టుకుని పట్టుకెళ్లాను. అరండల్‌పేటలో ఒక షాపాయన నన్ను చూడగానే, "బాబుకా మేడం, పాపకా?" అని అడిగాడు.

"నాకేనండీ. సైకిలు మీద వేసుకోవాలి. లోపల కెమెరా ఉంటుంది."

ఆయన లోపలికెళ్లి పెద్ద ట్రెక్కింగ్ బ్యాగు తెచ్చాడు. "నలభై లీటర్లు మేడం. ఏం పెట్టినా పడుతుంది."

పట్టడం నిజమే. కానీ సగం ఖాళీగా ఉన్న పెద్ద బ్యాగులో సామాను ఒక మూలకు జారుతుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ బరువు మనకంటే ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. పైగా ఖాళీ ఉంటే ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. పదిహేను, పద్దెనిమిది లీటర్లవి చూపించమన్నాను. నచ్చినదాన్ని పప్పు ప్యాకెట్లతో నింపి, "ఒక్కసారి బయట సైకిలెక్కి చూసొస్తానండీ" అంటే, "చూడండి మేడం, బిల్లు కొట్టాక తెస్తే మాకూ ఇబ్బందే" అన్నాడు. మంచి మనిషి. ఒక షాపులో మాత్రం బయటికి తీసుకెళ్లనివ్వలేదు. నేను కొనకుండానే వచ్చేశాను. చెప్పులు తొడుక్కుని చూడకుండా ఎవరైనా కొంటారా?

అలా వంగి చూసినప్పుడు గమనించినవి ఇవి. భుజం పట్టీలు తిన్నగా కుట్టినవైతే మెడ పక్కన కోసుకుంటాయి, లేకపోతే చంక దగ్గర ఒరుసుకుంటాయి. లోపలికి కొద్దిగా వంపు తిరిగిన పట్టీలు భుజం మీద కుదురుగా కూర్చుంటాయి. మా ఆడవాళ్లకు ఛాతీ పట్టీ ఇంకా ముఖ్యం. చాలా బ్యాగులకు అది ఒకే ఎత్తులో కుట్టేసి ఉంటుంది, అదీ మగవాళ్ల ఛాతీకి సరిపోయే ఎత్తులో. మనకది సరిగ్గా ఉండకూడని చోట బిగుసుకుంటుంది. పైకీ కిందికీ జరుపుకునే వీలున్నది చూసుకోవాలి. కాలర్ ఎముకకు నాలుగు వేళ్లు కిందగా పెట్టుకుంటే ఊపిరి ఆడుతుంది, పట్టీలు భుజాల మీంచి జారవు. ఇది అడగడానికి మొహమాట పడాల్సిందేమీ లేదు. నేను అడిగాక షాపాయనే మిగతా బ్యాగులు తీసి ఏది జరుగుతుందో ఏది జరగదో వెతికి చూపించాడు.

నడుం బెల్టు విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. ట్రెక్కింగ్ చేసేవాళ్లు మందపాటి స్పాంజి బెల్టు ఉండాలంటారు. బరువు భుజాల నుంచి తుంటి మీదికి దిగాలని వాళ్ల లెక్క. నడిచేవాళ్లకు అది సరైనదే. సైకిలు మీద పెడల్ తొక్కిన ప్రతిసారీ తొడ పైకి లేస్తుంది, పొట్ట దగ్గర మడత పడుతుంది. అక్కడ మందపాటి బెల్టుంటే గుచ్చుకుంటుంది. నాకైతే రెండు వేళ్ల వెడల్పు, పల్చటి మెత్త ఉన్న బెల్టు సరిపోయింది. దాని పనల్లా బ్యాగు పక్కలకు ఊగకుండా పట్టి ఉంచడమే. బరువు లోపల సర్దే పద్ధతీ అలాంటిదే. నడకకు బరువైనవి భుజాల ఎత్తులో పెట్టుకోమంటారు. వంగి తొక్కేటప్పుడు పైన బరువుంటే మెడ మీదికి జారుతుంది. నేను లెన్సును అడుగున, వీపుకు ఆనించి పెడతాను.

తర్వాత చెమట. గుంటూరులో ఉంటూ దీన్ని చిన్న విషయం అనుకోలేం. మార్చి దాటితే పొద్దున ఎనిమిదికే వీపు తడిసిపోతుంది. బ్యాగుల వీపు భాగం మూడు రకాలుగా ఉంటుంది. సాదా స్పాంజిది, మధ్యలో గాడులు తీసిన స్పాంజిది, ఇంకోటి వంగిన ఫ్రేముకు వల బిగించి బ్యాగును వీపుకు దూరంగా నిలబెట్టేది. గాలి ఆడటంలో మూడోదాన్ని మించింది లేదు. వేసుకుని తొక్కితే ప్రాణం లేచి వచ్చింది. కానీ ఫ్రేము వంగి ఉండటంతో లోపలి స్థలం కూడా వంపు తిరిగి ఉంది. కెమెరా పెట్టుకునే చదరపు స్పాంజి పెట్టె అందులో సరిగ్గా కూర్చోలేదు, మధ్యలో పైకి లేచి నిలబడింది. పైగా బరువు వీపుకు దూరమై వెనక్కి లాగుతున్నట్టుంది. మీరు బట్టలు, టిఫిను మాత్రమే మోసేవాళ్లైతే కళ్లు మూసుకుని వల ఉన్నదే తీసుకోండి. నేను కెమెరా కోసం గాడులున్న స్పాంజిదే తీసుకున్నాను. ధర మూడు వేల లోపే అయింది. చెమట తడి లోపలికి ఇంకుతుంది కాబట్టి, వీపు వైపు గోడకూ కెమెరా పెట్టెకూ మధ్య దళసరి పాలిథీన్ షీటు ఒకటి నిలబెడతాను.

సైకిలు మీది బ్యాగు కథ వేరు. నాది గేర్లున్న హైబ్రిడ్ సైకిలు. వెనక ఇరుసు దగ్గర, సీటు కింద క్యారియర్ బిగించే మర రంధ్రాలు ఉన్నాయి. కొనేవాళ్లు ముందుగా ఇవి చూసుకోవాలి, అన్ని సైకిళ్లకూ ఉండవు. డిస్కు బ్రేకు ఉన్న సైకిలైతే క్యారియర్ కాలు బ్రేకుకు అడ్డుపడొచ్చు. మా మెకానిక్ చిన్న గొట్టం ముక్క మధ్యలో పెట్టి, పొడుగు బోల్టుతో కాలును పక్కకు జరిపి బిగించాడు. క్యారియర్ మీద 25 కిలోలని అచ్చు వేసి ఉంది. నేను పెట్టేది అందులో ఆరో వంతు కూడా ఉండదు.

పక్కన వేలాడే రెడీమేడ్ బ్యాగులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. వాన నీరు చొరబడని మంచివి బాగా ఖరీదు. నాకు కావలసింది చిన్నది, ఒకటే. ఆటోనగర్‌లో లారీ టార్పాలిన్లు కుట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడని మా మెకానిక్ చెబితే సైకిలు తీసుకుని అక్కడికే వెళ్లాను. ఏం కావాలో చెప్పాను. ఆయన బ్యాగు కొలతలు అడగలేదు.

"ముందు సైకిలెక్కమ్మా. ఎక్కి పెడల్ వెనక్కి తిప్పు" అన్నాడు.

"ఎందుకు బాబాయ్?"

"నీ మడమ ఎక్కడిదాకా వెనక్కి వస్తదో చూడాలి. తొక్కినప్పుడల్లా సంచికి తన్నుకుంటే ఎట్టా?"

ఒక కుర్రాడు సైకిలు పట్టుకుంటే నేను ఎక్కి కూర్చుని తిప్పాను. బాబాయి కింద కూర్చుని, టార్పాలిన్ ముక్క ఒకటి క్యారియర్ పక్కన వేలాడదీసి, నా మడమ దాటిపోయిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాడు. ఆ గీతకు రెండు వేళ్లు వెనకగా కత్తెర వేశాడు. అలా నా బ్యాగు ముందు కింద మూల ఏటవాలుగా తెగి ఉంటుంది. నా పాదానికీ, నా సైకిలుకీ సరిపోయిన కోత అది. కంపెనీ బ్యాగుల్లో ఈ కోత అందరికీ ఒకటే ఉంటుంది, కాబట్టి పొట్టి సైకిళ్ల మీద కాలు తగలొచ్చు.

వీపు భాగం గట్టిగా నిలవడానికి పాత ప్లాస్టిక్ డ్రమ్ము రేకు కోసి లోపల పెట్టాడు. రెండు ఉక్కు కొక్కేలు బిగించి, అవి క్యారియర్ కడ్డీ మీద టకటకలాడకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాడు. కింద సాగే తాడుకు చిన్న హుక్కు. అది క్యారియర్ కాలికి తగిలిస్తే గతుకుల్లో బ్యాగు చక్రం వైపు ఊగదు. మూతికి జిప్పు వద్దన్నాడు. "జిప్పు పెడితే మొదట పోయేది అదేనమ్మా. మూడు మడతలు చుట్టి బకిల్ పెట్టుకో, చుక్క దిగదు." అంచులు కుట్టాక సూది రంధ్రాల మీద లోపలి నుంచి పట్టీ పెట్టి వేడిగాలి గన్నుతో అతికించాడు. నేనడగకుండానే వెనక వైపు లారీలకు అతికించే మెరుపు స్టిక్కరు కూడా ఒకటి అంటించాడు. తెల్లవారకముందే, మంచులో వెళ్లేదాన్ని కదా, దాని విలువ నాకు తెలుసు. వీపు బ్యాగుకు కూడా వెనక ఎర్ర లైటు తగిలించుకునే నవారు ముక్క ఉందో లేదో చూసే కొన్నాను. కాకపోతే బ్యాగుకు రెయిన్ కవర్ వేస్తే ఆ లైటు లోపలికి పోతుంది. అందుకని సీటు కింద కూడా లైటు ఉండాల్సిందే.

బ్యాగు ఎడమ వైపే తగిలిస్తాను. మన రోడ్ల మీద దాటిపోయే బండ్లన్నీ కుడి పక్కనుంచి పోతాయి. అటు ఏదీ పొడుచుకు ఉండకూడదు. ఒక పక్కే బరువైతే సైకిలు లాగదా అని చాలామంది అడిగారు. మూడు నాలుగు కిలోలకు తొక్కేటప్పుడు తేడా తెలియదు. ఆపినప్పుడు తెలుస్తుంది. సైడు స్టాండు కూడా ఎడమ వైపే కాబట్టి మెత్తటి నేల మీద నిలబెడితే సైకిలు ఒరిగిపోతుంది. చెట్టుకో గోడకో ఆనిస్తాను.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది వేలాడే పట్టీలతో. వీపు బ్యాగు బిగించాక మిగిలిన నవారు కొసలు, సాగే తాళ్లు, చున్నీ, ఏదైనా సరే వెనక చక్రం చువ్వల్లోకి వెళ్లిందంటే పెద్ద ప్రమాదం. నేను ప్రతి కొసనూ చుట్టి చిన్న రబ్బరు బ్యాండు వేస్తాను. చున్నీ వేసుకుని సైకిలెక్కను.

ఈ ఏర్పాటుతో తొక్కడం మొదలుపెట్టాక చేతి వేళ్ల తిమ్మిరి పోయింది. వీపు మీద ఇప్పుడున్నది నాలుగు కిలోల లోపే. బండెక్కి కాసేపటికి అది ఉన్నట్టే అనిపించదు. చెరువు దగ్గర దిగగానే కెమెరా తీసి కంటికి పెట్టుకోగలుగుతున్నాను. ఎండాకాలంలో వీపు తడవడం తగ్గలేదు, దానికి ఏ బ్యాగూ ఏమీ చేయలేదు.

వాన మాత్రం ఇంకా ఆలోచించాల్సిన విషయమే. బ్యాగుతో ఇచ్చే రెయిన్ కవర్ బయటి వైపు మాత్రమే కప్పుతుంది. మన వీపు మీద కారిన నీళ్లు పట్టీల వెంబడి లోపలికి దిగుతాయి. మడ్‌గార్డు లేకపోతే వెనక చక్రం చిమ్మే బురద నేరుగా బ్యాగు అడుగుకే తగులుతుంది. అందుకని మడ్‌గార్డు వేయించాను, కెమెరా పెట్టెను లోపల మూతి చుట్టుకునే పాలిథీన్ సంచిలో పెడుతున్నాను. గట్టి వాన మొదలైతే కెమెరాను కూడా కాసేపు టార్పాలిన్ బ్యాగులోకి మార్చి, నీళ్ల సీసాలు వీపుకెక్కించి, దిగి సైకిలు నడిపించుకుంటూ వస్తాను.

గుంటూరు వాళ్లకు ఇంకో మాట. మిర్చి సీజన్లో యార్డు వైపు రోడ్ల మీద తిరిగితే ఆ ఘాటు దుమ్ము బ్యాగు పట్టీల్లోని జాలీ గుడ్డలో పట్టేస్తుంది. మర్నాడు చెమట పట్టగానే మెడ మండుతుంది. పొరపాటున ఆ చేత్తో కళ్లు తుడుచుకుంటే ఇక చెప్పక్కర్లేదు. అటు వెళ్లొచ్చిన రోజే పట్టీలను తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, నీడలో ఆరేస్తాను. ఎండలో పెడితే స్పాంజి గట్టిపడుతుంది. టార్పాలిన్ బ్యాగుకు ఆ గొడవ లేదు, కుళాయి కింద పెట్టి కడిగేస్తే సరి. దానికి చూసుకోవాల్సింది కొక్కేల మీది ట్యూబు ముక్కలే. అవి అరిగితే ఇనుము ఇనుముకు తగిలి క్యారియర్ రంగు లేచిపోతుంది. పంక్చర్ షాపులో అడిగితే పాత ట్యూబు ముక్క ఊరికే ఇస్తారు.